షిమోజో కినుయే గారు: ఫోనులో బండ్ల బాధలు విన్న నలభై ఏళ్ళు

1985 ఏప్రిల్ ఒకటో తేదీ, సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు, నాగావోకాలోని మన వాహనదారుల సలహా సంఘంలో షిమోజో కినుయే గారు ఉద్యోగంలో చేరారు. అప్పటికి వారి వయసు ఇరవై. మోటారు మరమ్మతుల శిక్షణాలయంలో రెండేళ్ళు చదివి, ఆ తరగతి మొత్తానికి ఏకైక విద్యార్థినిగా పట్టా పుచ్చుకుని వచ్చిన ఆమెను సంఘం మొదట టీ కాచే పనిలోనూ, వేసవి వచ్చేసరికి ఫోను ఎత్తే పనిలోనూ నియమించింది. పని తెలిసిన మనిషిని ఫోను దగ్గర కూర్చోబెట్టడం ఆనాటి పెద్దల దూరదృష్టి అని మన వార్షిక నివేదికల్లో రాసుకున్నాం. మరమ్మతుల షెడ్డులో ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి గది లేకపోవడం అసలు కారణమని తెలిసినవారు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ఆ తొలి సంవత్సరాలలో ఫోను చేసినవారు ఆమె గొంతు వినగానే ఒకే మాట అనేవారు.

"అమ్మాయ్, బండి సంగతి తెలిసిన మగాళ్ళెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వు."

"ఇస్తానండీ. ఆయన వచ్చేలోపు ఒక్క ముక్క చెప్పండి. చప్పుడు బ్రేకు తొక్కితే వస్తోందా, వదిలితే వస్తోందా?"

తొక్కితే వస్తోందని వారు చెప్పడం, బ్రేకు అరిగిపోయిందనీ ఈ వారమే మార్పించుకోవాలనీ ఆమె చెప్పడం, కృతజ్ఞతలు చెప్పి వారు ఫోను పెట్టేయడం జరిగేది. ఆ 'ఆయన' నలభై ఏళ్ళలో ఒక్కసారీ రాలేదు, ఎవరూ మళ్ళీ అడగనూ లేదు.

తొంభైలలో మన సలహా విభాగానికి చుట్టుపక్కల జిల్లాలలో కూడా పేరు వచ్చిందంటే అది కినుయే గారి పద్ధతి వల్లనే. బండి భాగాల పేర్లు తెలియనివారిని ఆ పేర్లతో బెదరగొట్టకుండా, "అదెలా అరుస్తోందో మీరే అరిచి చూపించండి" అని అడిగేవారు. మనవాళ్ళు కడుపునొప్పిని సైతం పదిరకాల చప్పుళ్ళతో వర్ణించగల సమర్థులు కనుక ఈ పద్ధతి అద్భుతంగా ఫలించింది. ఒక బ్యాంకు అధికారి తన కింది ఉద్యోగుల ముందు నోటితో చప్పుళ్ళు చేయలేక, ఫోను పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి "టక టక టక టక" అన్నారు. స్టీరింగు ఏ పక్కకు తిప్పినప్పుడని ఆమె అడిగితే, "ఉండండి, తిరిగి చూస్తా" అని మెట్ల మీద తానే చుట్టూ తిరిగారు. చక్రం దగ్గరి ఇరుసు మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు కారిపోతోందని ఆమె చెప్పినది అక్షరాలా నిజమైంది.

రెండేళ్ళకోసారి జరిగే తనిఖీలో బండి నెగ్గితే మళ్ళీ తనిఖీ దాకా దాని మొహం చూడనక్కరలేదన్న మన ఊరి గట్టి నమ్మకంతో మాత్రం ఆమె చివరి వరకూ పోరాడుతూనే ఉన్నారు. "పోయినేడు డాక్టరు బాగుందన్నాడని ఈ ఏడు జ్వరం రాకుండా ఉంటుందాండీ?" అని ఆమె ఎన్ని వేలసార్లు అడిగి ఉంటారో లెక్క లేదు. నలభై ఏళ్ళు అడిగినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. మనిషిని అలసటకు గురిచేసేది కొత్త ప్రశ్న కాదు, జవాబు చెప్పిన ప్రశ్నే మళ్ళీ రావడం.

ఇక రాయబోయే ఉదంతం అభినందన సంచికలో ఎందుకని కొందరు పెద్దలు అన్నారు. అది లేకుండా కినుయే గారిని గురించి రాస్తే అబద్ధం రాసినట్టు. సెకిగుచి దంపతుల అనుమతితోనే దానిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ప్రతి నవంబరులో చలికాలపు టైర్లు బిగించే వేళకు మనం ఇంటింటికీ పంపే కరపత్రం ఆమె రచనే. 2005లోని కరపత్రంలో "మంచు కురిసే రాత్రులు హ్యాండ్ బ్రేకు వేయకండి, అది గడ్డకట్టి ఉదయానికి వదలదు" అని ఒక వాక్యం ఉంది. దాని తరువాత "బండిని గేరులో ఉంచి, చక్రాలకు కొయ్యముక్క అడ్డం పెట్టండి" అనే వాక్యం కూడా ఆమె రాశారు. పుటలో చోటు చాలక, ఈ మాత్రం తెలియనివారు మన మంచుసీమలో ఎవరుంటారులే అనుకుని, దానిని తన చేత్తోనే కొట్టేశారు.

కొండ మీది పల్లెలో వరి పండించే సెకిగుచి జింపెయి గారికి ఒక చిన్న ట్రక్కు ఉంది. తెల్లవారుజామున బయట నిలబడే, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి, ఇంజను వేడెక్కేలోపు మొహం కడుక్కోవడం ఆయనకు అలవాటు. గేరులో ఉంటే బండి ముందుకు దూకుతుంది కనుక ఎప్పుడూ న్యూట్రల్‌లోనే వదిలి, హ్యాండ్ బ్రేకు వేసేవారు. ఆ చలికాలం కరపత్రం చదివి, సంఘం వారు చెప్పారు కదా అని, హ్యాండ్ బ్రేకు కూడా మానేశారు. రాత్రంతా కురిసిన మంచే చక్రాలను పట్టి ఉంచింది. ఉదయం ఆయన తాళం తిప్పి లోపలికి వెళ్ళారు. ఆయన భార్య ఫుసా గారు పారతో చక్రాల ముందరి మంచు తొలగించారు. ట్రక్కు వాలు మీదికి జారి ఆమె కుడికాలి మీదికి వచ్చింది.

వారం తరువాత జింపెయి గారు సంఘానికి ఫోను చేసింది నిందించడానికి కాదు. తాను సరిగా చదువుకోకపోవడం వల్ల సంఘానికి చెడ్డపేరు వస్తుందేమో, క్షమించమని అడగడానికి. ఆ ఫోను ఎత్తినది కినుయే గారే. ఆ సాయంత్రమే మిఠాయి పెట్టె పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. జింపెయి గారు ఆమెకంటే ముందే నడుము వంచి, "తప్పంతా నాదేనమ్మా, మీరింతదూరం రావడమేంటి" అన్నారు.

మంచం మీది ఫుసా గారు మాత్రం మర్యాదల జోలికి పోలేదు. "ఆయన అలాగే అంటాడు. కాలు విరిగింది ఆయనది కాదుగా. కొయ్యముక్క పెట్టమని ఇంకో ముక్క రాస్తే నీ సిరా అయిపోయేదా?"

ఆ కాలు అతికింది గానీ పొట్టిదైంది, ఫుసా గారు ఈనాటికీ కుంటుతూనే నడుస్తారు. ఆ ఇంట ట్రక్కు నడిపేది జింపెయి గారొక్కరే కనుక, ఆసుపత్రికి గానీ అంగడికి గానీ ఆమె వెళ్ళాలంటే ఆయనే తీసుకువెళ్ళాలి.

అప్పటి నుంచి కరపత్రం ఒక పుట నుంచి నాలుగు పుటలైంది. ఇంత ఎవరు చదువుతారని విభాగాధిపతులు మారినప్పుడల్లా అడిగేవారు. నాలుగైదు నిమిషాల్లో ముగిసే ఫోను పది నిమిషాలు దాటేది. సమస్య తేలిపోయాక కూడా బండి ఎక్కడ నిలిపారు, వాలా చదునా, ఇంట్లో ఇంకెవరు నడుపుతారు అని అడుగుతూనే ఉండేవారు. వెనక వరుసలో ఎదురుచూసేవారు విసుక్కున్నారు, మేమూ విసుక్కున్నాం. ఆ జాగ్రత్త ఆమెను పందొమ్మిదేళ్ళు లోపల్లోపల అరగదీసిందన్న సంగతి మాకు తట్టలేదు.

ఈ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం జింపెయి గారు మళ్ళీ ఫోను చేశారు. వారికిప్పుడు ఎనభై అయిదేళ్ళు.

"అమ్మా, క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటోంది. మెకానిక్ మూడుసార్లు విప్పి చూశాడు. ఏం లేదంటాడు. నాకేమో నమ్మకం లేదు. నువ్వు చెప్పు."

ఆమె అడగవలసినవి అడిగారు. ఉదయమా సాయంత్రమా, బూట్లతోనా మామూలు చెప్పులతోనా. చివరికి, ఇంటి గడప దాటేటప్పుడు ఎడమకాలు తగులుతోందా అని అడిగారు.

"తగులుతోంది. ఈ మధ్యే. దానికీ క్లచ్‌కీ ఏంటమ్మా సంబంధం?"

ఇంకో షెడ్డులో చూపించమంటే సరిపోయేది. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నిజం చెబితే, తన వాక్యం వల్ల కుంటిదైన మనిషికి ఉన్న ఒక్క ఆధారాన్నీ తన నోటితోనే తీసేసినట్టవుతుంది.

"సెకిగుచి గారూ, బండిలో ఏ లోపమూ లేదండీ. మీ ఎడమకాలు ఆలస్యంగా లేస్తోంది. ఇవాళ్టి నుంచి ట్రక్కు నడపకండి. ఆ కాలు ముందు డాక్టరుకి చూపించండి."

"మరి ఫుసాని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?"

"నగరపాలక సంఘం ఉమ్మడి టాక్సీ ఉందండీ. మంగళవారం, శుక్రవారం మీ పల్లెకు వస్తుంది. ముందురోజు మధ్యాహ్నంలోపు ఫోన్ చేసి చెప్పాలి. వీధి చివరిదాకా నడవక్కర్లేదు, కాలు బాగాలేదని చెబితే గుమ్మం దాకా వస్తారు. నంబరు చెప్తున్నాను."

ఫోను చేతులు మారి ఫుసా గారి గొంతు వినిపించింది. "ఆయన ఏడుస్తున్నాడమ్మా. ఆ నంబరేదో నాకు చెప్పు, నేను రాసుకుంటా."

కినుయే గారు నంబరు రెండుసార్లు చెప్పి, ఫుసా గారి చేత తిరిగి చదివించుకుని, ఫోను పెట్టి, వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. వచ్చి తరువాతి ఫోను ఎత్తారు.

అరవై నిండిన ఉద్యోగి మరో అయిదేళ్ళు కొనసాగడం మన దగ్గర ఆనవాయితీ. విభాగాధిపతి తొకొనామి గారు ఆ కాగితాలు ముందు పెట్టినప్పుడు ఆమె వాటిని తీసుకోలేదు. "చేతకాక కాదు సార్. అలసిపోయాను. ఎవరు ఫోన్ చేసినా, నేను చెప్పకుండా వదిలేసింది ఏముందా అని వెతుక్కుంటూనే ఉంటాను. ఇక చాలు" అన్నారు. అంత కచ్చితంగా తన కోసం ఆమె ఏదైనా అడగడం మేము చూడడం అదే మొదలు.

2025 మార్చి ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న షిమోజో కినుయే గారికి సంపూర్ణ ఆరోగ్యమూ, దీర్ఘాయువూ, మధ్యాహ్నం కమ్మని కునుకూ, రోడ్డు మీద ఎవరి బండి ఎలా అరిచినా తల తిప్పకుండా నడిచిపోగల నిశ్చింతా కలగాలని మనసారా కోరుకుంటున్నాము. ఆమె ఇంటి నంబరు దయచేసి ఎవరూ అడగవద్దు. ఏప్రిల్ ఒకటిన ఉదయం ఎనిమిదిన్నరకు సలహా విభాగంలో ఫోను మోగుతుంది. ఎవరో ఒక మనిషితో, వినడానికి ఇష్టంలేని మాట చివరి దాకా చెప్పవలసి వస్తుంది. అది చెప్పవలసింది ఇక మనమే.