శాటల పోసిన బియ్యం

ఆ కుంకుమ బరిణె అప్పుడే తియ్యకు భాగ్యా. సంచిల్నే ఉండనియ్యి. బొట్టు యాడికి పోతది? ముందుగాల కూసో. పీట మీద కాదు, కుర్చీల కూసో. శంకరంపేట నుంచి బస్సుల నిలవడి వచ్చిన అంటివి గదా, కాళ్లు గుంజుతలేవా?

నాకు జర పనున్నది. పనంటే పని కాదు, అర్ధగంట ఆగుడే పని. ఇగో, ఈ పెన్ను సూడు. రాసే పెన్ను కాదు, సూదిమందు. ఇప్పుడే ఫ్రిజ్జుల నుంచి తీసిన. దీని సల్లదనం దానంతట అదే పోవాలె. ఎండకు పెట్టొద్దు, ఏడినీళ్లల ముంచొద్దు. గోడ మీద గడియారం సూడు, పదిన్నర. పదకొండుకు పొడుసుకుంట. అప్పటిదాంక నువ్వు నా ముంగట్నే ఉంటవు.

అబద్ధమెందుకు, ఎప్పుడు సాయంత్రమే తీస్త. ఇయ్యాల గేటుకాడ నీ గొంతు ఇనవడంగనే తీసిన.

చాయ్ తాగు. నా చేతితోనే పెట్టిన. గ్లాసును సూస్తున్నవా, నా చేతులను సూస్తున్నవా? మంచిగ సూడు. ఈ మోచేతులు యాదికున్నయా నీకు? చేపకు పొలుసులున్నట్టు ఉంటుండె. పొద్దుగాల పక్క దులిపితే దోసెడు పొట్టు రాలుతుండె. ఇప్పుడు సూడు. మచ్చలున్నయి గని నున్నగున్నది. నాకే నవ్వొస్తది. లేసి లేవంగనే నా చెయ్యి నేనే నిమురుకుంట, పసిపిల్ల చెయ్యి లెక్క. అరవై రెండేండ్లకు కొత్త తోలు వచ్చుడేంది అని.

ముట్టుకుంటవా? వద్దులే. ఇంకా టైమున్నది.

నువ్వు మా ఇంట్ల కుడికాలు పెట్టిన్నాడు ఎర్రనీళ్లు తిప్పి దిష్టి తీసింది ఎవరు? పెద్దకోడలిని నేనే గదా. మమత పుడితే ఆర్నెల్లు నా కాళ్ల మీద పండవెట్టుకొని దానికి నీళ్లు పోసింది ఎవరు? అప్పటికే నా మోకాళ్లకు ఈ రోగం ఉండె. నీ బిడ్డ ఆ మోకాళ్ల మీద్నే పెరిగింది. నీళ్లు పోసే చెయ్యి అంటలే, బియ్యం పోసే చెయ్యి అంటిందా?

మూడేండ్ల కింద గూడ ఇట్లనే పిలువనీకి వచ్చినవు. పెండ్లైన మమతకు మొదటిసారి మీ ఇంట్ల ఒడిబియ్యం పోస్తున్నమని. మా పక్కింటామెకు వేలుతోని బొట్టు పెట్టినవు. ఎదురింటామెకు పెట్టినవు. నా కాడికి వచ్చేసరికి బరిణె మూత తీసి ముందుకు చాపినవు. నువ్వే పెట్టుకో అక్కా, అన్నవు. తొందరల ఉన్నవేమో అనుకున్న. పెట్టుకున్న. ఎంత పిచ్చిదాన్ని.

పోయినంక ఎర్కైంది.

పీటల మీద మమత, అల్లుడు. పసుపు, నెయ్యి పట్టిచ్చిన బియ్యం పెద్ద పళ్లెంల. ఐదుగురు ముత్తైదువలం. ఒక్కొక్కలు దోసిట్ల తీసుకొని పిల్ల ఒళ్లె పోస్తున్నరు. నా వంతు వచ్చింది. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్న చేతులు అవి. దోసిలి పట్టి వంగిన. అప్పుడు నువ్వు బియ్యం చెరిగే శాట తెచ్చి, మమత ఒడికీ నా చేతులకూ నడుమ పెట్టినవు. మెల్లగనే అన్నవు, నాకు ఒక్కదానికే ఇనవడాలని. గని నువ్వు శాట తెస్తుంటే అందరు మాటలు ఆపి సూస్తున్నరాయె.

“నువ్వు దీంట్ల పొయ్యి అక్కా. పొట్టు వడ్తది.”

పోసిన. ఏం చేస్త మరి? మమత తల వంచుకున్నది. నేనైతే నవ్విన. సిగ్గులేక నవ్విన. నిన్నన్న ఎప్పుడో మాఫ్ చేస్తనేమో గని భాగ్యా, ఆ నవ్వును నేను మాఫ్ చెయ్య.

అక్కడితోనే అయిపోతే బాగుండు. నేను కొట్టే జొన్నరొట్టెలకు మెదక్ బస్టాండు కాడ ఒక పేరుండె, నీకెర్కలేదా? పొద్దుగూకంగ వచ్చి నిలవడి తీస్కపోతుండ్రి. నీ ఒడిబియ్యం అయిన నెలకు ఒక పంతులమ్మ రొట్టె అందుకోబోయి ఆగింది. మీ యారాలే నిన్ను దూరం పెట్టిందట గదా, అన్నది. రొట్టె పొయ్యి పక్కనే ఇడిసి పోయింది. వారం తిరిగేసరికి ఎవ్వరు రాలే. పెనం తీసి అటక మీద బోర్లించిన. తల ఎత్తి సూడు, ఈడికి కనవడ్తది.

మీ బావ మంచిమనిషి. మనసుల పెట్టుకోకు, ఏడుపాయలకు పోయి అమ్మకు మొక్కుకో అన్నడు. పోయిన. మంజీరల మూడు మునకలు మునిగి మొక్కుకున్న. ఏం మొక్కుకున్ననో చెప్పనా? రోగం తియ్యి తల్లీ అని కాదు. తీస్తే భాగ్య కండ్ల ముంగట తియ్యి అని.

తర్వాత నా మనుమరాలు అంకిత నన్ను హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు తీస్కపోయింది. ఇన్నేండ్లు ఏం చేసినవమ్మా అని అడిగింది డాక్టరమ్మ. వేపాకు నూరి పూసిన, ఎవలేం చెప్తే అది పూసిన, అన్న. మరి ఇప్పుడెందుకు వచ్చినవు అన్నది. ఒకామెకు సూపెట్టేదున్నది, అన్న. ఆమె నవ్వలే. ఆ మాట గూడ కాగితం మీద రాసుకున్నది.

ఈ మందు అడగంగనే ఇయ్యరు. రక్తం తీసిండ్రు, ఛాతి ఫొటో తీసిండ్రు. లోపల టీబీ గిట్ల దాక్కోలేదని సూసుకున్నంకనే రాసిచ్చిండ్రు. జ్వరమొస్తే పొడుసుకోకుంట ముందు ఫోన్ చెయ్యాలె అన్నరు. సూదేమో రెండు వారాలకోసారి.

నర్సు పిల్ల అన్నది, నీ చేత్తోని నువ్వే పొడుసుకోవాలె అమ్మా అని. నాకు నీ బరిణె యాదికొచ్చింది. నువ్వే పెట్టుకో, నువ్వే పొడుసుకో. ఏందమ్మా ఈ లోకం, నా దగ్గర్కి వచ్చేసరికి అందరికి చేతులు ఎనుకకు పోతయేంది, అనిపించింది. గని ఆ పిల్ల ముందుగాల నా తొడ తన చేతితోని పట్టి సూపెట్టింది. పొట్టు రాలుతనే ఉండె. దులుపుకోలే, తుడుసుకోలే. ఏ ఊరి పిల్లనో.

నేనేమో రోగమున్నకాడ పొడుసుకోబోయిన. కాదట. మంచి తోలు మీద పొడవాలెనట. ఎంత విచిత్రం సూడు. బాగున్నకాడ పొడిస్తే బాగులేనిది మానుతదట.

అన్నీ తెలుగుల కాగితం మీద రాసిచ్చింది. అరవై ఏండ్లకు నేను అంకిత ముంగట పలక పట్టుకున్న అంటే మీరంత నవ్విండ్రు గదా. అప్పటిదాంక నేను చదివినయి బస్సు బోర్డులు, క్యాలెండరు. నాకోసమని ఒకలు రాసిన మొదటి కాగితం అది. అగో, ఫ్రిజ్జు తలుపుకు అంటివెట్టిన. రోజూ చదువుత. అవసరం లేకున్నా చదువుత.

మొదటి డబ్బా ఇంటికొచ్చిన్నాడు ఏం చేసిన్నో తెలుసా? కొత్త వస్తువు గదా, పసుపు కుంకుమ పెట్టి దేవుని అర్రల దీపం పక్కన పెట్టిన. అంకిత వచ్చి నెత్తి కొట్టుకున్నది. దేవుడు నిన్ను సల్లగ సూస్తడు గని మందును సూడడు నాయనమ్మా, దాన్ని ఫ్రిజ్జే సూడాలె, అన్నది. నర్సు పిల్లకు ఫోన్ చేసి అడిగినంక గని నాకు పానం కుదుటపడలే. ఇంట్ల మొదటిసారి పొడుసుకున్నప్పుడైతే ఇంకో ఆగం. టక్ అనంగనే అయిపోయిందనుకొని లేపిన. మందంత తొడ మీద కారింది. టక్ అంటే మొదలైనట్టట, అయిపోయినట్టు కాదట. ఆ తర్వాత పది లెక్కపెట్టాలె. అప్పుడు ఈ చిన్న అద్దంల పసుపు రంగొస్తది.

ఏ పసుపు అనుకున్నవు? నీ ఒడిబియ్యం పసుపే. ప్రతిసారి ఆ రంగు సూస్త, ప్రతిసారి నిన్ను తలుస్త. ఇప్పటికి ఎనిమిది పెన్నులైనయి. దురద కోసం పొడుసుకోలే భాగ్యా. నిద్ర కోసం పొడుసుకోలే. ఇది భాగ్యకు, ఇది భాగ్యకు అనుకుంట పొడుసుకున్న.

ఇయ్యాల నువ్వెందుకు వచ్చినవో గూడ నాకెర్క. మమత ఫోన్ చేసింది. ఇది మూడో ఏడు ఒడిబియ్యం. పెద్దమ్మ మొదటి దోసిలి పొయ్యకుంటే పీట మీద కూసోనన్నదట. వారం రోజులు బతిమిలాడినవట. ఆఖరికి, మీ పెద్దమ్మ చెయ్యి మానిందంటున్నరు, సూసి పిలుస్త అన్నవట. అందుకే గదా గేటుకాడ్నించే మోచేతులు సూసుకుంట వచ్చినవు? మానకపోతే బరిణెనే చాపుతుంటివి గదా?

చెప్పకు. ఊకె తలొంచకు. ఆనాడు మమత వంచింది, సాలు.

ఇంకా ఎనిమిది నిమిషాలున్నది. ఇంకో ముచ్చట చెప్త. మీ బావకు గూడ చెప్పలే. మూడేండ్ల సంది కడుపుల పెట్టుకున్న.

ఆనాడు అందరు బువ్వకు లేసినంక నువ్వు ఆ శాట తీస్కపోయి ఎనుక కోళ్లగూడు కాడ పెట్టినవు. చేతులు కడుక్కోనీకి పోతే కనవడ్డది. కోళ్లు ఇంకా సూడలే. నా బియ్యం పసుపుపచ్చగ, ఎవ్వరికీ కానట్టు కూసున్నయి. శాట ఎత్తుకున్న. లోపలికి వచ్చిన. మమత ఒడిల పోసిన బియ్యం ఇంకా మూట కట్టలే, అర్రల పెద్ద పళ్లెంల ఉన్నయి. ఎవ్వరు లేరు.

కలిపేసిన భాగ్యా. మోచేతుల దాంక పెట్టి, అడుగు మీద చేసి కలిపిన.

మూడోనాడు మమత అత్తగారింట్ల ఆ బియ్యం వండిండ్రు. అందరం తిన్నం. నువ్వు నా పక్కన కూసోలే, ఎదురుంగ కూసున్నవు. ఏం కమ్మగున్నది అనుకుంట రెండోసారి పెట్టించుకున్నవు. నేను తినుడు మర్చిపోయి నీ ఒక్కొక్క ముద్ద సూసిన.

ఏమైంది, గ్లాసు కింద పెట్టినవు? ఆ బువ్వ తలుసుకుంటున్నవా? మూడేండ్లాయె, ఎన్నడో అరిగిపాయె. ఏదీ, నీ మోచేతులు సూపెట్టు. నున్నగనే ఉన్నయి గదా? అల్లునివి, మీ వియ్యంపురాలివి, అందరివి నున్నగనే ఉన్నయి. ఇది అంటురోగం కాదని డాక్టరమ్మ చెప్పక ముందే నేను ఊరంత మీద పరీక్ష చేసి సూసిన.

కూసో. లేవకు. పదకొండైంది.

ముఖం తిప్పుకోకు, సూడు. ముందుగాల ఇట్ల దూదితోని తుడవాలె. ఆరనియ్యాలె. ఇగ ఈ మూత తియ్యాలె. సూది కనవడదు, లోపల దాక్కొని ఉంటది. మనిషి నాలిక లెక్క.

మూత తీసి ఆగిన, సూసినవా? భయం కాదు. కాదులే, భయమే. తొమ్మిదోసారి గూడ భయమే. అంకిత ఉంటే తొడ పట్టుకుంటది, ఇయ్యాల కాలేజీకి పోయింది. ఇట్ల రా. బరిణె ఆడ పెట్టు. చెయ్యి తే. ఈడ తోలు పట్టుకో, రెండు వేళ్లతోని. కండ్లు మూసుకుంటే మూసుకో గని ఇడువకు.

నీ చెయ్యి ఎంత సల్లగున్నదే. దీన్ని గూడ అర్ధగంట ముందుగాల బయటికి తియ్యాల్సింది.

టక్. ఇనవడ్డదా? లెక్కపెట్టు. నేను పెట్ట, నువ్వే పెట్టు. పైకి పెట్టు, నాకు ఇనవడాలె.

పది. పసుపొచ్చింది, సూసినవా? ఇగ ఇడువు. ఆ గట్టి డబ్బా ఇటియ్యి, దీన్ని అండ్ల ఎయ్యాలె, చెత్తల ఎయ్యొద్దు.

ఇప్పుడు తియ్యి నీ బరిణె. నాకు చాపకు. వేలుతోని పెట్టు.

ఆ. జర వంకరైంది. ఉండనియ్యి, తుడవకు.

వస్త. పోయి మమతకు చెప్పు, పెద్దమ్మ వస్తదని, మొదటి దోసిలి పోస్తదని. ఈ పొట్టి చేతుల జాకెట్టే తొడుక్కొని వస్త. నా తర్వాత నీ వంతు గదా, తల్లివి. దోసిలి పట్టి వంగుతవు. ఎనిమిదిసార్లు పొడుసుకుంట నేను అనుకున్నది ఒక్కటే భాగ్యా. అప్పుడు నీ చేతులకూ నీ బిడ్డ ఒడికీ నడుమ శాట పెట్టాలెనని. ఇప్పుడు నీ చెయ్యి పట్టినంకనన్న అది పోతదేమో అనుకున్న. పోలే. పెయ్యి మీద తోలు మానింది గని, ఈ మందు అంత లోపలికి పోయేటట్టు లేదు.

శాట మా ఇంటిదే తెస్త. అడ్డం పెడ్తనో పెట్టనో నాకే ఎర్కలేదు. నువ్వు మాత్రం ఆ పొద్దంత పిల్ల ముఖం సూడవు. శాట దిక్కే సూస్తవు.

నడువు, బస్సుకు టైమైతున్నది. చాయ్ సల్లగైపాయె, ఇడిసిపెట్టు.