మా అత్త తిండికి పెట్టిన పేర్లు

"పెద్దమ్మా, మీ ఆడబిడ్డ ఇటు దిక్కు రానే వస్తలేదంట గదా. ఏమైంది?"

ఏమైతది, తిండి కాడ చెడ్డది. అందరు పొలం కాడ చెడ్డదనుకుంటరు. గరిడేపల్లిల పొలం కాడ తప్ప ఇంకో దాని కాడ కొట్లాటలు గావని ఒక నమ్మకం గదా మనోళ్లకు. కాదు బిడ్డా, ఒక్క మాట కాడ చెడ్డది. అది కోదాడ నుంచి ఈ గడప తొక్కక రెండేండ్లు దాటింది. ఫోన్ చేస్తది, వాళ్ల అన్నతోని మాట్లాడుతది, పెట్టేస్తది. నేనెత్తిననుకో, సిగ్నల్ లేదు దానికి.

తలుపు జర దగ్గరికెయ్యి. మా అత్త లోపట మంచం మీదున్నది. కండ్లు మసకలే గని చెవులు మాత్రం మంచిగున్నయి. మనం గట్టిగ మాట్లాడితే వినబడదంటది, మెల్లగ మాట్లాడితే అంత వినబడతది.

ఏం చెప్తున్న? ఆ, తిండి. చదువుకున్నదానివి గదా, నువ్వే చెప్పు, తినుడుకు ఎన్ని మాటలుంటయి? నువ్వేం చెప్తవ్ తియ్, "లంచ్ అయిందా" అనేటోళ్లు మీరు. మా అత్త కాడ బీరువ నిండ ఉండె మాటలు. మనిషిని సూసి మాట తీసేది. మా మామ "భోజనం చేస్తుండు". కోదాడ అల్లుడొస్తే "ఆరగిస్తుండు". ఆయన గంపెడు గారెలు ఆరగించి పక్కకు ఒరిగినా సరే, "ఏదో ఎంగిలి పడ్డడు పాపం, మొహమాటం మనిషి" అనేది. ఆడబిడ్డ "రెండు మెతుకులు నోట్లె ఏసుకునేది". ఆ రెండు మెతుకులకు గిన్నె అడుగు కనబడేది, అది వేరే ముచ్చట. నాటుకొచ్చిన కూలోళ్లు బుక్కుతరు. బర్రె మేస్తది. నేను మెక్కుత.

నవ్వకు. బర్రె కంటె ఒక మెట్టు కింద నేను. అది పాలిస్తది గదా మరి.

మనది తిరుమలగిరి దిక్కు, మెట్ట. మీ అమ్మ, నేను జొన్న గటక తాగి పెరిగినోళ్లం. ఇక్కడోళ్లు వరి పండించేటోళ్లు. "గటక తాగినోళ్లకు సన్నబియ్యం దొరికితే మెక్కకేం జేస్తరు" అని మా అత్త పక్కింటామెకు నా ముందటనే చెప్పేది. నేనేమో డిగ్రీ చదివొచ్చిన. సూర్యాపేటల కాలేజీకి పోయేటప్పుడు బస్టాండ్ కాడ రెండు రూపాయలకు ప్లేటు ఇడ్లీ, చట్నీ అడిగినంత పోసేటోడు, వాడు పల్లీల చట్నీ... అగో, మల్ల తిండి కాడికే పోయిన. అత్త అన్నది అబద్ధం కాదేమో.

అప్పట్ల ఆడోళ్లది ఆఖరి బంతి. మొగోళ్లు లేసినంక, అల్లుడు లేసినంక, ఆడబిడ్డ లేసినంక, పొయ్యి కాడ నేను. గంటె గిన్నెకు తగిలి సప్పుడైందనుకో, ఇంట్ల నుంచి ఒక కేక, "ఇంక మెక్కుతనే ఉన్నదా?" ముద్ద గొంతుల్నే ఆగేది. కడుపుతోని ఉన్నప్పుడు గూడ గదే కేక. తిరిగి ఏమన్న అన్ననా అంటే, అనలే. సప్పుడు గాకుండ తినుడు నేర్చుకున్న. డిగ్రీల గది నేర్పలే మరి.

సరే, ఏండ్లు గడిచినయి. మామ పోయిండు. ఆమె "పోయిండు" అనదు, "కాలం చేసిండు" అంటది. అది ఇంకో బీరువ, ఇప్పుడు తెరవొద్దు. తర్వాత అత్త బాత్రూం కాడ జారిపడ్డది, తుంటి విరిగింది. సూర్యాపేట దవాఖానల ఆపరేషన్ చేపించి తోలుకొచ్చినం. అమ్మను సూస్తానికి ఆడబిడ్డ కోదాడ నుంచి దిగింది, చేతిల బత్తాయిల సంచి. నాలుగొద్దులు ఉంటనన్నది. వచ్చినంక కుర్చీలకెల్లి లేస్తే ఒట్టు. మధ్యాహ్నం నేను పళ్లెం తీస్కపోతుంటే సూసి ఏమన్నదో తెలుసా? "ఏంటి వదినా, మా అమ్మ మళ్లీ మెక్కుతుందా? మంచంలో పడుకుని మూడు పూటలా మెక్కితే ఎత్తేదెవరు, కడిగేదెవరు? కాస్త తగ్గించి పెట్టండి."

పెట్టండి అంట! చివర "అండి" తగిలిస్తే మెక్కుడు గూడ మర్యాదైతదనుకున్నది. ఇగ కడిగేదెవరు అన్న ముచ్చటంటవా, తను కాదని మాత్రం తెలుసు దానికి.

నిజం చెప్పాల్నంటే, నాకు లోపట సంబురమైంది. ఎందుకు గాదు? ఇన్ని మాటలుండంగ, తల్లి బీరువలకెల్లి బిడ్డ సరిగ్గ ఆ మాటనే తీసింది. "ఇన్నవా అత్తా" అని అడుగుదామని నోటి దాక వచ్చింది.

ఆ పొద్దుమీకి అత్త పళ్లెం పక్కకు జరిపింది. ఆకలైతలేదన్నది. తెల్లారి జావ గూడ ముట్టలే. గోలీలేమో ఉత్త కడుపు మీద ఏసుకోవద్దని డాక్టర్ గట్టిగ చెప్పిండు. మీ పెదనాయన పరేషాన్ అయి గ్యాస్ గోలీ తెచ్చిండు. మొగోళ్లకు ఏదైన గ్యాసే. నేను పోయి అడిగిన, ఏమైందత్తా, ఎందుకు తింటలేవని. గోడ దిక్కు తిరిగి, "ఇన్నేండ్లు మెక్కింది సాలు తియ్, ఎవలెత్తుతరు" అన్నది.

సంబురం ఖతం. ప్రేమ పొంగిందనుకోకు, అంత మంచిదాన్ని కాను. ఆ మాట ముద్దను గొంతుల ఎట్ల ఆపుతదో నాకెర్క. ఆపినన్నేండ్లు నా గొంతుల్నే ఆపింది గదా.

పగటీలి అన్నం వేళకు ఆడబిడ్డ కూసున్నది. నేను వడ్డిస్తున్న. "అమ్మ మెక్కిందా?" అన్నది మల్ల. గంటె కింద పెట్టిన. "ఈ ఇంట్ల ఎవలు మెక్కరు. మీ అమ్మ తింటది, నేను తింట, నువ్వు తింటున్నవ్. ఆ మాట ఇంకోపారి అనేటట్టుంటె ఈ ఇంటికి రాకు" అన్న.

"మా అమ్మను నేనేమైనా అంటాను. నీకెందుకు వదినా?"

"అమ్మ నీదే. పళ్లెం నాది."

మీ పెదనాయన అప్పుడే పొలం నుంచి వచ్చి, మమ్ముల సూసి మల్ల పొలానికే పోయిండు. ఆడబిడ్డ చెయ్యి కడిగి బస్సెక్కింది. అంత కోపంల గూడ బత్తాయిల సంచి మర్చిపోలే, తీస్కపోయింది.

ఇగ నేను రెండు పళ్లాలల్ల అన్నం, కూర గిన్నె, గంటె పట్టుకొని అత్త కాడికి పోయిన. ఒక పళ్లెం మంచం పక్కన స్టూలు మీద పెట్టి, ఒకటి ఒళ్లె పెట్టుకొని కూసున్న. బతిమిలాడుడు నాకు రాదు. తినుడు మొదలుపెట్టిన, గంటె గిన్నెకు తగిలేటట్టు, మంచిగ సప్పుడు చేసుకుంట.

"ఏందా సప్పుడు?" అన్నది.

"నేను తింటున్న."

నేను ఇంకో ముద్ద కలిపిన. తర్వాత మెల్లగ, "ఏం కూర?"

"చింతచిగురు పప్పు."

"ఉప్పు సరిపోయిందా?"

"తింటే తెలుస్తది."

ఇటు తిరిగింది. చెయ్యి సాపింది. రెండు ముద్దలు లోపటికి పోయినంక, ఉప్పు తక్కువైందన్నది. అనకపోతే మా అత్త ఎట్లైతది! నేను లేసి ఉప్పు తేబోతుంటే, "ముందు నువ్వు తిను, సల్లారుతది" అన్నది.

తిను. ఇన్నేండ్లకు నా తిండికి ఆ మాట దొరికింది ఆమెకు. బీరువ అడుగున పడి ఉండెనేమో.

గంతే బిడ్డా. ఆ పొద్దు అనుకున్న, ఈ ఇంట్ల తినుడుకు ఒక్కటే మాట, ఒక్కటే బంతి. నాటుకొచ్చినోళ్లు తింటరు, నా బిడ్డను చేసుకున్న మా అల్లుడు గూడ తింటడు. కొత్తల ఆయన మొఖం జర చిన్నబోయింది గని, ఇప్పుడు ఆయనే పళ్లెం కడుక్కుంటుండు. మీ పెదనాయన, "ఒక్క మాటకు చెల్లెను దూరం చేస్తవా, ఫోన్ చేసి సారీ చెప్పు" అని పండుగ పండుగకు అంటడు. చెప్పలే. చెప్ప. తలుపైతే తెరిచే ఉన్నది, ఏ మాటతోని రావాల్నో దానికి ఎర్కే.

నువ్వు గూడ మిర్యాలగూడల అందరు లేసినంకనే తింటున్నవంట, మీ అమ్మ చెప్పింది. నేనేం చెప్ప, నీ ఇల్లు, నీ ఇష్టం. సల్లగుండు, కడుపు నిండ తిను, సప్పుడైతే కానియ్.

అగో, పిలుస్తున్నది. నేనన్నది మొత్తం విన్నట్టే ఉన్నది. "ఆ అత్తా, వస్తున్న! లేదు, పిల్ల గూడ ఇంక తినలే!" లే బిడ్డా, పళ్లాలు తీస్కరా. రెండు కాదు, మూడు.