రెండో పొయ్యికి ముందు పుట్టిన జీపు

“జేజినాయనా, షెడ్డులో ఉండే మన జీపు ఏ యేటిది? పాతబండ్ల ప్రదర్శనకు తీసకపోవాలంటే దాని వయసు చెప్పాలంట.”

ఏ యేటిదా? కూచో శీనా, కూచో. నిలబడి అడిగే మాట కాదది. ఆ ఫ్యాను కొంచెం ఇట్ల తిప్పు. ఆ, చాలు. నువ్వు ఒక్క మాటలో అడిగేస్తివి. ఆ మాట తేల్చేదానికి మా ఊరి పెద్దమనుషులు పంచాయితీ చేసి చేసి నీరసించిపోయిరి. దాని వయసు తేలకుంటే మా నాయనకు ఆ జీపులో సగం పోతాది. సగమంటే చక్రాలు కాదురా. వాళ్లన్న పక్కన కూచునే జాగా. ఉండు, మొదటి నుంచీ చెప్తా.

అప్పుడు కర్నూలు మనకు రాజధాని. ఆఫీసులన్నీ గుడారాల్లో నడుస్తాండె. నేను అనంతపురంలో బీయే చదువుతాంటి. మా ఊరు తెలుసు కదా, ఓర్వకల్లు పక్కన, రాళ్లగుట్టల నడుమ. ఇప్పుడు ఆ పక్కనే విమానాలు దిగుతాండాయి. అప్పుడు ఎద్దులబండి దిగాలన్నా కష్టమే. ఇంట్లో మా పెద్దనాయన ఓబుల్రెడ్డి, మా నాయన తిమ్మారెడ్డి, వాళ్లిద్దరి మీదా మా జేజి నాగమ్మ. జేజి అంటే నాయన తల్లి, నీకు తెలుసులే. ఆమె నోరు తెరిస్తే పక్కవీధిలో కుక్కలు కూడా కూచునేవి.

కర్నూల్లో మా పత్తి కొనే శెట్టి ఒకాయన ఉండె. యుద్ధం అయిపోయినాక పటాలం సామాన్లు మద్రాసులో వేలమేస్తాండ్రి కదా, పత్తిమూటల మీద కప్పేదానికి టార్పాలిను కావాలని ఆయన పోయినాడు. మంచి టార్పాలిను, పెద్దది, చిరుగు లేదు. పాట పాడి కొనుక్కున్నాడు. తీసకపోదామని ఎత్తితే దాని కింద జీపు! రెండూ కలిపే వేలమేసినారంట. శెట్టికి జీపెందుకు? పోనీ మంచి జీపా అంటే, దానికి ఇంజనే లేదు. టార్పాలిను తాను పెట్టుకొని, జీపును మాకు అంటగట్టినాడు. మా పెద్దనాయన అంతకంటే మొనగాడు. “ఇంజను లేకపోతే మంచిదే కదప్పా, పెట్రోలు ఖర్చు లేదు” అని ఎద్దులు కట్టించి ఇంటికి లాక్కొచ్చె.

ఇంకో పంట చేతికొచ్చినాక ఇంజను దొరికింది. అది బళ్ళారి దిక్కు ఒకాయన బావి మీద నీళ్లు తోడుతాండె. నేను చెప్పేది ఇంజను సంగతి, ఆయన సంగతి కాదు. అది కూడా జీపుదే, అయితే వేరే జీపుది. కర్నూలు నుంచి ఖాదర్ సాయిబు వచ్చి మా కళ్లంలోనే అంతా కూర్చినాడు. “రెడ్డీ, ఇంత పొట్టిబండి మీ ఇంటికి చాలదు” అని నడుమ కోసి, పొడుగు చేసె. వెనకాల ఇరిగిపోయిన జట్కాబండి గూడు తెచ్చి బిగించె. సీట్లకు మంచం నవారు అల్లె. వెనక సీటు వెనక్కి తిరిగి ఉంటాది, జట్కా మాదిరి. ముందర స్టీరింగు ఎడమపక్క. అది అమెరికా వాళ్ల అలవాటంట. ఎదురుగా బండి వస్తే నడిపేవానికి సగం రోడ్డు కనపడదు. అందుకే పెద్ద రబ్బరు బుడ్డి హారను పెట్టినారు. బర్రె ఈనేటప్పుడు అరిచినట్టుండె దాని కూత.

ఇదంతా కుదిరేలోగా ఇంట్లో కుదరకపోయె. అన్నదమ్ములకు పడలేదు. ఎందుకంటే ఏం చెప్పేది! పెద్దమ్మ ఊరగాయ జాడీ దగ్గర మొదలైందని మా అమ్మ చెప్తాండె, మా అమ్మ దగ్గరే మొదలైందని పెద్దమ్మ చెప్తాండె. సరే, భాగాలు పంచుకున్నారు. పెద్దమనిషి ఈరన్నగౌడు ఎండలో తిరిగి తిరిగి భూములు కొలిచి, హద్దురాళ్లు నాటించె. ఆ రోజే ఇంట్లో నడుమ గోడ పక్కన రెండో పొయ్యి పెట్టిరి.

ఈడ జాగ్రత్తగా విను. మా దిక్కు కాగితం మీద వేలిముద్రేస్తే వేరుపడినట్టు కాదు. రెండో పొయ్యి అంటుకుంటేనే వేరుపడినట్టు. అది అంటుకోకముందు ఇంట్లోకి ఏదొచ్చినా ఇద్దరిదీ. అంటుకున్నాక వచ్చింది ఎవరిది వాళ్లది.

ఆ రోజే కళ్లంలో ఖాదర్ సాయిబు జీపును స్టార్టు చేస్తాండె. అర్థమైందా చిక్కు? భాగాల్లో జీపు మాట రాలేదు. అప్పటికది జీపు కాదు కదా, ఇనుము.

రెండు నెలలు తిరగకముందే గొడవ. పెద్దనాయన ఒక్కడే ముందర కూచోని, మా ఇంటి ముందర బుడ్డి హారను కొట్టుకుంటా పోతాడు. మా నాయన అరుగు మీద కూచోని రొట్టె ముక్క నోట్లో పెట్టుకొని, నమలకుండా చూస్తాండె. వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచీ కర్నూలు పోతే ఒకే బండిలో, ఒకే గొడుగు కింద పోయినోళ్లు. ఇప్పుడు మాటల్లేవు. కడాకు మా నాయన పంచాయితీ పెట్టించినాడు.

పెద్దనాయన అంటాడు: “భాగాల నాటికి అది బండే కాదప్పా, ఇనుము. బండి అయింది నా తట్టు వచ్చినాక.”

మా నాయన: “భాగాలకు ముందే అది కళ్లంలో కూసింది. ఊరంతా విన్యారు.”

జీపు ఎప్పుడు పుట్టిందో తేల్చాలనిరి. బీయే చదువుతాండాడు కదా అని నన్ను పిలిచిరి. జీపు ముందర ఒక ఇత్తడి రేకుంటాది, దాని మీద ఇంగ్లీషు. నేను గొంతు సవరించుకొని, ఊరంతా వింటాంటే, ఎంత వేగం పోవచ్చు, ఎంత బరువు మోయొచ్చు, అన్నీ చదివితి. పుట్టిన తేదీ కాడికి వస్తే నెల ఉండాది, యేడు లేదు. యేడున్న చోట సరిగ్గా బుడ్డి హారను బోల్టు! ఖాదర్ సాయిబు అక్కడే బెజ్జం వేసినాడు.

“ఏం సాయిబూ, వేరే జాగా లేదా?” అని ఈరన్నగౌడు కోప్పడె.

“హారను చేతికందాలా వద్దా? చేతికందే జాగాలో అమెరికా వాళ్లు రాత రాసుకుంటే నా తప్పా?” అనె ఆయన.

అప్పుడు పంచాంగం అయ్యవారు చిదంబరయ్య లేచినాడు. “రేకు మీద రాసింది అమెరికాలో పుట్టుక. మనకు కావాల్సింది ఈ ఇంట్లో పుట్టుక. జాతకం రాసేటప్పుడు బిడ్డ మొదటి ఏడుపు ఎప్పుడని అడుగుతాము. ఇంజను కూడా అంతే. మొదటిసారి ఎప్పుడు ఏడ్చింది?” అనె. అందరూ ఆహా అనిరి. నవ్వాకు, నేను కూడా అన్యా. కాలేజీలో తర్కశాస్త్రం చదివినోణ్ణి, నాకూ సరిగ్గానే కనపడింది.

అంటే ఏం తేల్చాల? జీపు ముందు ఏడ్చిందా, పొయ్యి ముందు అంటుకుందా? సాక్షుల్ని పిలిచిరి. ఒకాయన, “నేను గుట్ట మీద గొర్లు మేపుతాండా, ఇంటి మీద పొగ చూస్తి” అనె. “ఏ పొగప్పా? పొయ్యి పొగా, జీపు పొగా?” “పొగ పొగే కదా సామీ, అది పేరు చెప్పుకోని పైకొస్తాదా?” ఇంకొకాయన జీపు కూతే ముందు విన్యానని చెప్పె. అంతలో ఆయన పెండ్లాం, “అది జీపు కాదు, మన బర్రె ఈనింది ఆ పొద్దే” అని గోడ మీద నుంచి కేకేసె. ఆ బర్రె దూడను కూడా పంచాయితీకి తోలుకొచ్చిరి, వయసు చూసేదానికి. దాని పండ్లు చూస్తామని నోరు తెరిపించబోతే అది ఈరన్నగౌడును తన్నె.

మా జేజి లోపలే ఉండె. ఆమెను ఎవరూ అడగలేదు. పొయ్యి ముట్టించిందే ఆమె! అంతమంది మొగోళ్లు పొగ రంగు గురించి కొట్టుకుంటాండారు గానీ, పొయ్యి ముందర కూచున్న మనిషిని అడగాలని ఒక్కనికీ తోచలేదు. కడాకు ఆమే చేటలో జొన్నలు చెరుక్కుంటా గడపలోకి వచ్చె.

“ఏమిరా ఓబులా, ఏమిరా తిమ్మా, రెండో పొయ్యి ఎప్పుడు అంటుకుందనా మీ ఏడుపు?”

“అవును మా” అనిరి ఇద్దరూ. అదే వాళ్లిద్దరూ కలిసి అన్న మొదటి మాట, శానా రోజులకు.

“దాన్ని నేను ముట్టించనే లేదు.”

అందరూ నోరు తెరిచిరి. చిదంబరయ్య, “అమ్మా, వంట జరుగుతాండాది కదా?” అనె.

“జరుగుతాండాది. ఆ పొద్దు అగ్గిపెట్టె చెమ్మ పట్టి గీస్తే వెలగలేదు. పాత పొయ్యిలో మండే పిడక పటకారుతో తెచ్చి ఈడ పెడితి. నిప్పు ఒకటే. ఆ నిప్పునే నివురు కప్పి ఈ పొద్దు వరకూ కాపాడుతాండా. ఆరిపోతే కదా కొత్తగా ముట్టించేది?”

చిదంబరయ్య తల గోక్కున్నాడు. “పాత పొయ్యి నిప్పు తెచ్చి పెడితే అది పొయ్యి జరిపినట్టు గానీ... వేరుపడినట్టు కాదు” అని మెల్లగా అనె. అంటే ఏమైనట్టు? ఇండ్లు వేరుపడలేదు! వేరుపడకపోతే భూములు? హద్దురాళ్లు? ఈరన్నగౌడు దూడ తన్నిన కాలు పట్టుకోని, “నేను ఆ ఎండలో మళ్లీ కొలవలేనప్పా, నన్ను సంపేయండి” అని ఏడ్చినంత పని చేసె.

జేజి చేట కింద పెట్టింది. “కొలవొద్దులే గౌడా. భూములు ఎట్ల పంచుకున్నారో అట్లే ఉండనీ, నేను కిక్కురుమనను. జీపు మాత్రం పాత పొయ్యిది. కాదని ఎవరన్నా అంటే చెప్పు, రాళ్లన్నీ పెరికిస్తా.”

ఎవరంటారు?

అట్ల జీపు ఇద్దరిదీ అయ్యె. అయితే ఏం లాభం, మాటల్లేవు కదా. పెద్దనాయన ముందర నడుపుతాడు. మా నాయన వెనక సీట్లో వెనక్కి తిరిగి, పోయిన దారిని చూసుకుంటా కూచుంటాడు. నేను నడుమన. ఇద్దరూ జీపుతో మాట్లాడతారు.

“ఏమే జీపూ, వెనకాల కూచున్నోళ్లకు చెప్పు, గుంత వస్తాండాది.”

“ఏమే జీపూ, ముందరోళ్లకు చెప్పు, గుంత దాటినాక చెప్పేది కాదని.”

కర్నూలు పోతే ఇంకో తమాషా. గుడారాల దగ్గర ఆ జట్కా గూడు చూసి ఎవరో మంత్రిగారి బండి అనుకోని జనం అర్జీలు తెచ్చి ఇస్తాండ్రి. ముందరాయన స్టీరింగు వదలడు కదా, అన్నీ వెనక కూచున్న మా నాయనకే. ఆయన కూడా “చూస్తాం, చూస్తాం” అని తీసుకుంటాండె. పాపం, మంచి మనిషి. ఒకామెకు బోరింగు వేయిస్తానని కూడా మాటిచ్చె.

అట్ల ఎన్నాళ్లు సాగిందో. ఒక పొద్దు నన్నూరు దాటినాక, ఎత్తు మీద జీపు నిలబడిపోయె. వెనక్కి జారుతాండాది. మా నాయన వెనక్కి తిరిగి కూచున్నాడు కదా, లోయ ఆయన మొగం మీదికే వస్తాండాది. పెద్దనాయన బ్రేకు తొక్కితే అది కిందికి పోయి మళ్లీ పైకి రాలేదు. అప్పుడు జీపుతో చెప్పలేదురా ఆయన.

“రేయ్ తిమ్మా! దిగు! దిగి రాయి పెట్టు!”

మా నాయన దూకి, చక్రం కింద రాయి తోసి, ఆయాసపడుకుంటా నిలబడి అనె, “పెట్టినా న్నా.”

అంతే. తిరిగొచ్చేటప్పుడు మా నాయన ముందర కూచున్నాడు. నన్ను వెనక్కి తోలిరి. ఇంటికొచ్చేదాకా ఇద్దరూ ఖాదర్ సాయిబును తిట్టుకుంటా వచ్చిరి, ఎంత సంతోషంగానో. ఆ రాయి ఇప్పటికీ షెడ్డులోనే ఉండాది, చూడు, తలుపు పక్కన. హద్దురాయే అది, సున్నం గుర్తు కూడా ఉండాది. మా నాయన దారిలో యాడ పెరికినాడో!

ఇప్పుడు నువ్వు దాన్ని బాగుచేయిస్తాండావు, మంచిది. పెద్దనాయన మునిమనవడు హరి కూడా నాకు ఫోను చేసినాడు, జీపు మాదని. మాది అంటే మీ ఇద్దరిదీ అనే అర్థం చేసుకున్నా నేను. నీకెట్ల అర్థమైతే అట్ల చేసుకో. వాణ్ణి పిలుచుకొని పో. ముందర ఇద్దరూ కూచోండి. వెనక సీటు ఎవరికీ వద్దు, ఆ నవారు ఒరుసుకుంటాది. చల్లగుండండి నాయనా ఇద్దరూ.

వయసు అడిగితే రెండో పొయ్యికి ముందుదని చెప్పు. అర్థం కాలేదంటే... ఈడికి తోలకరా, నేను చెప్తా. కూచోని వినాల గానీ.