గడ్డని మాడ్చే తిండి

కూర్చోమంటే కూర్చుంటాను గానీ సార్, పిచ్చిదాన్ని చూసినట్టు చూడకండి నన్ను. ఆ కండల మాస్టారికి ఏమైందని? చొక్కా చిరిగింది, నుదురు కాస్త చిట్లింది. అంతే కదా! ముందు తనే స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చి కంప్లైంటు ఇచ్చాడు. ఎముక విరిగింది మా తమ్ముడికి!

అవును, నేనే కొట్టాను. పిండి ఒత్తే కర్రతో. బేకరీ మాది సార్, నేనూ తమ్ముడూ నడుపుతాం. పిండి పని నాది, పొయ్యి వాడిది.

వాడికి పేగులో కాన్సర్. డాక్టరమ్మ మందు ఎక్కిస్తోంది, గడ్డ తగ్గుతోంది కూడా. ఇంతలో ఈ జిమ్ము మాస్టారు తగులుకున్నాడు. ‘పిండీ చక్కెరా మానెయ్, కొవ్వే తిను. గడ్డ ఆకలికి మాడి చస్తుంది, నీ ఇమ్యూనిటీ పులిలా లేస్తుంది’ అన్నాడు.

అబద్ధమా అంటారా? అదే కదా సార్ నా ఏడుపు! పచ్చి అబద్ధమైతే మావాడు నమ్మేవాడే కాదు. డాక్టరమ్మని అడిగాను. ‘ఆ తిండితో ఎలుకల్లో కొన్ని గడ్డలు నెమ్మదించాయి, రోగంతో పోరాడే కణాలు చురుకయ్యాయి. కొన్నిట్లో ఎదురు తిరిగి రోగం ముదిరింది కూడా. మనుషుల్లో ఇంకా తేలలేదమ్మా. తింటానంటే మా కళ్ల ముందు తిననీ, మందు మాత్రం ఆపొద్దు’ అంది. వాడికి ఎలుకల మాట వరకే చెవికెక్కింది. మందు మానేశాడు.

గుడ్లు, వెన్న, మాంసం. చూస్తుండగానే చిక్కి సగమయ్యాడు. మొన్న పొయ్యిలోంచి తీసిన రొట్టెల పళ్లెం నా మీదికి విసిరాడు. ఇవిగో, మెడ మీద బొబ్బలు. ‘ఇన్నేళ్లూ నువ్వే నా గడ్డని మేపావే అక్కా!’ అని అరిచాడు. తల్లి లేని వాణ్ణి ఎత్తుకు పెంచాను సార్.

ఈ ఉదయం పిండి కర్ర చేతిలో ఉండగానే జిమ్ముకెళ్లాను. వాణ్ణి బల్లెక్కించి, చొక్కా విప్పించి, ‘మందుల్లేకుండా గెలుస్తున్న వీరుడు!’ అంటున్నాడు మాస్టారు. పక్కటెముకలు బయటికొచ్చి ఉన్నాయి సార్! దానికి చప్పట్లు!

మాస్టారి కాలరు పట్టి అద్దానికేసి మోదాను. అద్దం భళ్లుమంది. కర్రెత్తాను. తమ్ముడు బల్ల మీంచి దూకి అడ్డమొచ్చాడు. భుజం దగ్గర ఎముక పటుక్కుమంది... ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. మందు మళ్లీ మొదలెడదామని డాక్టరమ్మ అంటే తలూపాడట. ఊపకేం చేస్తాడు?

పొరపాటున తగిలిందని రాసుకోమంటారా? మీరు మంచివారు సార్. వద్దు. వాడు అడ్డం రావడం చూశాను. చెయ్యి ఆపుకునే వీలుంది. నన్నొదిలేసి చావడానికి అంత తొందరేంట్రా నీకు, అనిపించింది.

చూసే కొట్టాను.