కెనడా దాకా ఎగిరిన సైకిల్

భార్య గౌరి పెట్టే టీ కోసం చక్రధర్ కోతలు భరించేవాళ్లు అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో చాలామందే ఉన్నారు. ఆ ఆదివారం సాయంత్రం ఇంటి వెనక చెక్క డెక్ మీద ఆ వంతు రవిశంకర్, సుధ దంపతులది. గౌరి వేడివేడిగా బజ్జీలు తెచ్చింది. ఇండియా నుంచి కూతురి దగ్గరికి వచ్చిన గౌరి తండ్రి విశ్వనాథం గారు ఓ మూల కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు.

"ఏంటన్నా, వేలికి అంత కట్టు?" అన్నాడు రవిశంకర్.

చక్రధర్‌కి కావలసింది అదే.

"నిన్న బీఎమ్ఎక్స్ రేస్‌లో చిన్న దెబ్బలే. ఓల్డ్ స్కూల్ రేస్ అంటే తెలుసుగా? చిన్న చక్రాల సైకిల్, గేర్లూ గీర్లూ ఉండవు, మట్టి గుట్టల మీద ఎగరేసుకుంటూ పోవాలి. ఎనభైల్లో కుర్రాళ్లుగా రేసులాడినవాళ్లే ఇప్పుడు తెల్లగడ్డాలతో, మోకాళ్లకి పట్టీలేసుకుని, బేస్‌మెంట్‌లో దాచుకున్న ఆనాటి సైకిళ్లే తుడుచుకుని వస్తారు. స్టార్టింగ్ గేటు కిందికి పడిందా, ఒక్కొక్కడికీ మళ్లీ పన్నెండేళ్లే! ఆ వయసులో విజయవాడలో మా ఎదురింటివాడు తన సైకిల్ బెల్లు కూడా నన్ను కొట్టనివ్వలేదు. యాభై దాటాక నేనూ ఒకటి కొనుక్కున్నా."

ఆ చివరి మాట చెప్పినప్పుడు అతని గొంతు కాస్త తగ్గింది. అందులో కోత లేదు మరి. రోజూ ఆఫీస్‌కి బయల్దేరే ముందు గరాజ్‌లో ఆ సైకిల్ చక్రం ఒక్కసారి తిప్పి, ఆ చప్పుడు విని గానీ కారెక్కడు.

"మొదటి గుట్ట మీద అందరూ రెండడుగులు ఎగిరారు, నేను నాలుగు. అదేమంత గొప్ప కాదులే. రెండో గుట్ట దగ్గర పెడల్ కాస్త గట్టిగా తొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డారా అన్నయ్యగారూ?" అంది సుధ.

"పడడమా! కరెంటు తీగలు దాటేశా. బాతుల గుంపొకటి ఎదురొచ్చింది. ముందున్న బాతు పక్కకి జరిగి, 'మీరు కానివ్వండి సార్' అన్నట్టు తల వంచింది."

రవిశంకర్ పొలమారి దగ్గాడు. గౌరి మాత్రం నవ్వలేదు. పోయిన చలికాలం మంచు మీద జారి మొగుడు మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఆవిడకి గుండెలో దడే. పైగా ఆయన కోతల్లో పదో వంతు నిజముంటుందని ఆవిడ లెక్క. కరెంటు తీగల ఎత్తులో పదో వంతయినా మెడ విరగడానికి చాలు.

"చాల్లెండి. ఆ సైకిల్ ఇక ఇంట్లో ఉండడానికి వీల్లేదు. రేపే పాత సామాన్లు పట్టుకెళ్లే డొనేషన్ వాళ్లకి ఇచ్చేస్తా," అంది.

చక్రధర్ చేతిలో బజ్జీ పక్కన పెట్టేశాడు. ఆమెకి ధైర్యం చెప్పాలనుకున్నాడు. అయితే అతనికి తెలిసిన ధైర్యవచనం ఒక్కటే, ఇంకాస్త పెద్ద కోత.

"భయమెందుకే, అంత పైన గాలి పరుపులా మెత్తగా ఉంటుంది! హాయిగా తేలుతూ డెట్రాయిట్ నది దాటేశా. కింద చూస్తే కెనడా! ఇమిగ్రేషన్ ఆఫీసర్ మైక్‌లో 'పేపర్స్ ప్లీజ్' అన్నాడు. గాల్లోనే పాస్‌పోర్ట్ చూపించా."

"వీసా స్టాంపింగ్ కూడా గాల్లోనే అయిపోయిందా అన్నా? ఇక్కడ మాకు అపాయింట్‌మెంట్ డేట్లే దొరకట్లేదు!"

"ఎక్కడ! 'నీ వీసా నేల మీదే చెల్లుతుంది, గాల్లో చెల్లదు' అన్నాడు. చేసేదేముంది, అక్కడే హ్యాండిల్ తిప్పి వెనక్కొచ్చా. ఫినిష్ లైన్ దగ్గర దిగేసరికి మిగతావాళ్లు ఇంకా రెండో గుట్ట ఎక్కుతున్నారు!"

"సుధా, ఆ డొనేషన్ వాళ్ల నంబర్ నీ దగ్గరుందా?" గౌరి ఫోన్ తీసింది.

అప్పుడు విశ్వనాథం గారు కళ్లు తెరిచారు.

"నిన్న నేనూ వెళ్లాను కదమ్మా. అల్లుడుగారు ఎగరడం నేను చూళ్లేదు. దిగడం చూశాను."

"దిగడమా నాన్నా?"

"సైకిల్ దిగడం. గుట్ట రాగానే దిగి, నడిపించుకుంటూ అటు దాటి, మళ్లీ ఎక్కారు. ప్రతి గుట్టకీ అంతే. అందరికన్నా ఆఖర్న వచ్చారు. అయినా ఆ గడ్డాలవాళ్లంతా నిలబడి ఒకటే చప్పట్లు! ఒకాయన కావలించుకున్నాడు కూడానూ."

"మరి వేలు?"

"అదా? నాకు మడత కుర్చీ వేస్తుంటే మధ్యలో పడి నలిగింది."

రవిశంకర్, సుధ పడీపడీ నవ్వారు. చక్రధర్ చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకునే ఓరగా భార్య వంక చూశాడు. గౌరి కుర్చీలో కూలబడి చున్నీ అంచుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ప్రతి గుట్టా నడిచే దాటారా? నిజంగా?"

"నిజంగా," ఒప్పుకున్నాడు చక్రధర్.

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి ఫోన్ పక్కన పడేసింది. చక్రధర్ గుండెల మీంచి ఏనుగు దిగినట్టయింది. పరువు పోతే పోయింది, సైకిల్ మిగిలింది.

"ఇకముందు కూడా మెల్లగా, నడిచే దాటుతానంటే వెళ్లండి," అంది గౌరి.

"మెల్లగానా? ఎంత మెల్లగా నడిచాననుకున్నావ్! వెనకాల ఓ తాబేలు వచ్చింది. కాసేపు ఆగి చూసింది. విసుగెత్తి 'ఎక్స్‌క్యూజ్ మీ' అని నన్ను దాటుకుని పోయింది!"

పెళ్లయినప్పటి నుంచీ ఆయన కోసిన కోతల్లో గౌరి మనస్ఫూర్తిగా నమ్మింది అదొక్కటే.