గోగునార ఓట్లు

1968లో గజపతినగరం దగ్గరి ఒక పల్లెలో వార్డు మెంబరు ఉప ఎన్నిక జరిగింది. ఓట్ల లెక్కింపు ముగిశాక, గెలిచి బంతిపూల దండతో బడి మెట్లు దిగుతున్న ఆమెకి, తన మీద పోటీచేసి ఓడిపోయిన మరిదే ఎదురొచ్చాడు. ఏమంటాడోనని ఆమె మెట్టు మీదే ఆగింది.

"ఇదేటి వదినా! ఊరికి గోనెసంచుల మిల్లు తెస్తానని నాను వీధి వీధినా సెప్పినాను. జనం నీకెలాగ ఏసినారు?"

"మిల్లొస్తే మంచిదే మరిదీ. ఎప్పుడొస్తాది?"

"పెద్దోళ్ళు మాటిచ్చినారు."

"అందాకా మన మగోళ్ళు కలకత్తా మిల్లులకి కూలికి పోవాలా? గోగునార తీసేది మనం, తాళ్ళు పేని బాగుపడేది బస్తీవోళ్ళు. మన తాళ్ళు మనమే పేనుదాం, సంఘం పెట్టుకుందామన్నాను. అంతే."

"ఆడోళ్ళని కూడగట్టీసినావన్నమాట."

"నడుం లోతు నీళ్ళల్లో నార కడిగేది ఎవరు మరి? మీకేటి పని గావాలని నీ మీటింగుల్లో ఒక్క ఆడమనిషినైనా అడిగినావా?"

అతను తల గోక్కున్నాడు.

"అడగలేదు. అడక్కుండానే మా ఇంటిది సెప్పీసింది."

"ఏటని?"

"ఓటు అక్కకే ఏస్తానంది. సంఘంలో ముందు తనే సేరతాదంట. నువ్వోడిపోతే మూల కూకోకు, బండి కట్టి ఆ తాళ్ళు సంతకి తోలు అనీసింది."

ఆమె పగలబడి నవ్వింది.

"మరి తోల్తావేటి?"

"తోలకపోతే ఇంట్లో కూడెవులెడతారు వదినా?"

ఆమె జనంకేసి తిరిగి గొంతెత్తి కేకేసింది.

"ఒరే, డప్పులు ఇటు తెండిరా! మన సంఘానికి బండోడు దొరికినాడు!"