లోతు ఎక్కువ, దిగరాదు

అడవిలో ఒకదాని పక్కన ఒకటిగా నాలుగు జలాశయాలు. వాటి చుట్టూ నడిచేవాళ్ళు దారి తప్పకుండా బాణం గుర్తుల బోర్డులు రాసిపెట్టమని నీటి సరఫరా ఆఫీసువాళ్ళు పురమాయించారు. ఎక్కడెక్కడ పాతాలో చూసుకోవడానికి బోర్డులు రాసే ఆయన అడవి అంచునే ఉన్న తన కొట్టు నుంచి పొద్దున్నే బయల్దేరితే, భార్య తనూ వస్తానంది. కొడుకు పోయాక ఆమె ఇటు రావడం ఇదే మొదటిసారి.

"ఇక్కడొకటి పెట్టండి. దారి రెండుగా చీలింది, కొత్తవాళ్ళు తికమకపడతారు."

"పెడదాం. ఆ టేపు ఇలా ఇవ్వు. ఎంతెత్తున పెడదామంటావ్?"

"మనిషి కంటికి ఎదురుగా ఉండాలి. నాలాంటిదానిక్కూడా కనబడాలి."

"మళ్ళీ మొదలెట్టావా."

"ఏమన్నాను? కనబడాలన్నాను. అంతే కదా."

"సుద్దముక్క ఏదీ?"

"మీ జేబులోనే ఉంది. ఇప్పటికి ఎన్నయ్యాయి?"

"ఐదు. మొదటిదాని చుట్టూ మూడు, రెండోదాని దగ్గర రెండు. ఇవాళ్టికి చాల్లే, ఎండెక్కుతోంది. మిగతావి రేపు నేనొక్కణ్ణే వచ్చి చూసుకుంటాను."

"ఇన్ని చెట్ల కింద ఎండేమిటండీ."

"మోకాలు నొప్పంటావు కదా."

"నిన్నటిదాకా అన్నాను. ఇవాళ లేదు. పదండి, మూడోదాని దగ్గరికి వెళ్ళాలి."

"అక్కడ బాణం అక్కర్లేదు. గట్టు తిన్నగానే పోతుంది."

"బాణం కోసం కాదు."

"మరి?"

"ఆ రోజు నేను కూర్చున్న చోట ఒకసారి కూర్చుని చూడాలి. ఆ బోర్డు నాకెందుకు కనబడలేదో."

"రెండేళ్ళయింది. ఇప్పుడు చూసి ఏం చేస్తావ్?"

"ఏం చేస్తానో నాకూ తెలీదు. మీరు పదండి ముందు."

ఇద్దరూ మూడో జలాశయం గట్టు చేరారు.

"ఇక్కడే. ఈ వేరు మీదే కూర్చున్నాను. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంటున్నాను. 'అమ్మా, కాళ్ళు కడుక్కొస్తా' అన్నాడు. 'ఊఁ' అన్నాను. తలెత్తను కూడా లేదు."

"తెలుసు. ఎన్నిసార్లు చెప్తావ్."

"అంతకుముందు దాని పక్కనుంచే నడిచొచ్చాను కదండీ. చూడండి, ఎర్రగా, జానెడేసి అక్షరాలు. లోతు ఎక్కువ, దిగరాదు. దీన్ని చూడకుండా ఎలా వచ్చాను?"

"అప్పట్లో కొమ్మలు అడ్డంగా ఉండేవేమో."

"ఏ కొమ్మలు? బోర్డుకీ నాకూ మధ్య గడ్డి తప్ప ఏముంది?"

"వెలుతురు సరిగ్గా లేదేమో. ఆ వారమంతా మబ్బే."

"ఆఫీసాయన అడిగాడు. 'ఇంతింత అక్షరాలు కనబడలేదా అమ్మా' అని. మీ అక్కయ్య అడిగింది. వాడి టీచరు అడగలేదు గానీ, చూసిన చూపు అదే. కళ్ళ డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళొచ్చాను. మీకు చెప్పలేదు."

"ఎందుకు వెళ్ళావ్?"

"కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. అట్టడుగున చీమల్లాంటి అక్షరాలుంటాయి, అవి కూడా చదివాను. అంటే లోపం కళ్ళలో లేదు. నాలో ఉంది."

"అలా అనకు."

"బస్సులో మీరు నన్ను మోచేత్తో పొడుస్తారు చూడండి, దుకాణాల బోర్డులన్నీ పైకి చదువుతున్నానని. చదవకపోతే భయమండీ. ఒక్కటి వదిలేస్తే ఏమవుతుందోనని."

"పద, ఇంటికెళ్దాం."

"మీ చెల్లెలు పాపని రెండ్రోజులు మన దగ్గర ఉంచుతానంది. వద్దన్నాను."

"వాళ్ళే ఊరెళ్తున్నారని చెప్పావే నాకు."

"అబద్ధం చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పేస్తున్నాను, వినండి. మనకి ఇంకొకరు వద్దు. మీరు అడగరు గానీ, ఆశ పెట్టుకున్నారని నాకు తెలుసు. నా చేతికి పిల్లల్ని ఇవ్వకూడదు."

"కూర్చో. కాసేపు కూర్చో."

"అందరూ ఏదో ఒకటి అన్నారు. మీరొక్కరే ఒక్క మాటా అనలేదు. రెండేళ్ళలో ఒక్కనాడు కూడా. అందుకే మీ మొహం చూడలేకపోతున్నాను."

"అనడానికి నాకు నోరెక్కడిది."

"మీరు రాసిన బోర్డే కదా. తిడితే మీరే తిట్టాలి."

"నాకు నోరు లేదంటున్నాను, వినబడలేదా."

"ఎందుకు లేదు?"

"ఆ వారం... ఎరుపు బాగా వెలిసిపోయింది. మళ్ళీ రాద్దామని..."

"ఏమిటి?"

"ఆరలేదు. వానలు. మూడు రోజులైనా తడి ఆరలేదు."

"ఏమిటండీ ఆరనిది? నాకర్థమయ్యేలా చెప్పండి."

"నీ కళ్ళకీ, నీకూ ఏ లోపం లేదు. ఆ రోజు ఇక్కడ ఉత్త స్తంభమే ఉంది. బోర్డు మన కొట్లో గోడకి ఆనించి ఉంది."

"కాదు. ఆఫీసాయన వచ్చేసరికి బోర్డు ఉంది. ఫొటో కూడా తీశాడు. నేను చూశాను."

"తాడు తెస్తానని కొట్టుకి పరిగెత్తాను కదా."

"అవును."

"తాడుతో పాటు అదీ తెచ్చాను. నువ్వు నీళ్ళకేసి చూస్తూ ఒడ్డున కూర్చున్నావ్. అందరూ వాణ్ణి వెతుకుతున్నారు. నేను నీ వెనకాల నిలబడి, దాన్ని బిగిస్తున్నాను."